ఎవరు గెలిచారు? ఎక్కడ నొప్పి?

నిజం చెప్పి కూడా అన్యాయం చెయ్యొచ్చునా?

ఈ ప్రశ్న వినగానే, "నిజం చెప్తే అన్యాయమేమిటండీ, అబద్ధం చెప్తే కదా!" అనేస్తాం. హరిశ్చంద్రుడి కథ వింటూ పెరిగినవాళ్ళం మరి! కాని కొంచెం ఆగి, మన వీధుల్లో జరిగేదే చూడండి. ఏ ఇంట్లోనో ఒకరోజు రాత్రి అత్తాకోడళ్ళు మాటా మాటా అనుకుంటారు. మర్నాడు ఆ సంగతి ఇద్దరు చెప్తారు. ఒకావిడ చెప్పేది ఇలా వుంటుంది: "అత్తగారు ఇంత మాటంది. కోడలు దానికి రెట్టింపు అంది. కంచం తోసేసింది. ఆఖరికి పెద్దావిడే లేచి గదిలోకెళ్ళి తలుపేసుకుంది." రెండో ఆవిడ చెప్పే తీరు వేరు: "పెద్దావిడకి షుగరు. పొద్దుటినించీ సరైన తిండి లేదు. కోడలు ఆఫీసునించి వచ్చేసరికి తొమ్మిదయింది. వచ్చి చూస్తే గ్యాసు అయిపోయి వుంది. మగపిల్లవాడా, ఊళ్ళో లేడు."

ఇద్దరూ ఒక్క అబద్ధం ఆడలేదు. కాని మొదటావిడ మాటలు విన్నవాళ్ళు, "అయితే చివరికి ఎవరిది పైచెయ్యి అయింది?" అని అడుగుతారు. రెండో ఆవిడ మాటలు విన్నవాళ్ళు, "అయ్యో, ఇప్పటికైనా గ్యాసు వచ్చిందా?" అని అడుగుతారు. మొదటివాళ్ళు ప్రేక్షకులు. రెండోవాళ్ళు ఇరుగుపొరుగు. ఆ ఇంటికి మర్నాడు కావలసింది ఎవరో వేరే చెప్పాలా?

నాకు ఈ తేడా చాలా పెద్దదిగా కనిపిస్తుంది. ఎందుకంటే ఇది వీధి కబుర్లతో ఆగదు. ఏ దేశంలోనైనా జనం ప్రభుత్వం మీద తిరగబడితే పత్రికలూ, టీవీలూ, ఇప్పుడు అందరి చేతుల్లోనూ వున్న ఫోన్లూ ఆ కబురు మనకి చేరవేసేది ఈ రెండు పద్ధతుల్లోనే. ఎక్కువసార్లు మొదటి పద్ధతిలోనే.

దీన్ని గురించి జీవితమంతా ఆలోచించిన మనిషి ఒకరున్నారు. నార్వే దేశస్థుడు, పేరు జోహన్ గాల్టుంగ్. 1930లో ఓస్లోలో పుట్టి 2024లో, 93 ఏళ్ళ వయసులో పోయారు. తండ్రి వైద్యుడు. మనుషుల రోగాలు తండ్రి చూస్తున్నారు కదా, సమాజాల రోగాలు నేను చూస్తానని కొడుకు అనుకున్నారు కాబోలు, 1959లో ఓస్లోలో శాంతి పరిశోధన కోసం ఒక సంస్థ స్థాపించారు. గాంధీగారంటే ఆయనకి మంచి గురి. అంతకు ముందే, 1955లో, ఆర్నే నెస్ అనే తత్వవేత్తతో కలిసి గాంధీగారి రాజకీయ నీతి మీద పుస్తకం కూడా రాశారు.

1965లో గాల్టుంగ్, మారీ రూగే అనే ఆవిడా కలిసి ఒక వ్యాసం ప్రచురించారు. నాలుగు నార్వే పత్రికలు ముందేసుకుని, కాంగో, క్యూబా, సైప్రస్ దేశాల్లో వచ్చిన సంక్షోభాలని అవి ఎలా చెప్పాయో పరిశీలించారు. అసలు ఒక సంగతి వార్త ఎప్పుడు అవుతుంది అన్నది వాళ్ళ ప్రశ్న. త్వరగా జరిగి త్వరగా ముగిసేది అయితే వార్త అవుతుంది. చెడ్డదయితే ఇంకా బాగా వార్త అవుతుంది. పెద్ద దేశం, పెద్ద మనిషి, తెలిసిన మొహం వుంటే మరీ. ఒక ఆనకట్ట కట్టినన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోరట. ప్రారంభోత్సవం రోజున మాత్రం ఫోటోతో సహా పడుతుందట.

ఇది ఆడవాళ్ళకి కొత్తగా చెప్పాలా? ఏడాది పొడుగునా వండి వార్చినది ఎవరికీ వార్త కాదు. ఒక్కరోజు పప్పు అడుగంటితే ఇల్లంతా వార్తే.

తర్వాత తర్వాత ఆయన ఈ రెండు పద్ధతులకీ పేర్లు పెట్టారు. ఒకటి వార్ జర్నలిజం, రెండోది పీస్ జర్నలిజం. ఈ పేర్లు వింటే ఒక అపోహ కలుగుతుంది. యుద్ధం రావాలని రాసేది మొదటిది, 'నాయనా, అందరూ చల్లగా వుండండి' అని నీతులు చెప్పేది రెండోది అని. అది కాదు సంగతి. ఆటల పేజీకీ, ఆరోగ్యం పేజీకీ వున్న తేడా అన్నమాట. ఆటల పేజీలో ఎన్ని పరుగులు, ఎన్ని వికెట్లు, ఎవరు నెగ్గారు అన్నదే ముఖ్యం. ఆరోగ్యం పేజీలో అలా కుదరదు. "నిన్న క్యాన్సర్ రెండు వికెట్లు తీసింది" అని ఎవరూ రాయరు కదా! రోగం ఏమిటి, ఎందుకొచ్చింది, మందేమిటి, మళ్ళీ రాకుండా ఏం చెయ్యాలి అని రాస్తారు. మరి మనుషులు వేలమంది ఒక్కసారిగా వీధిలోకి వచ్చినప్పుడు మాత్రం దాన్ని ఆటల పేజీలా ఎందుకు రాస్తారు?

ఆయన చెప్పిన తేడాలు నా మాటల్లో ఇవి. మొదటి పద్ధతిలో కథ దెబ్బ పడ్డ చోట మొదలవుతుంది. రెండోదాంట్లో దెబ్బకి చాలా ముందునించి మొదలవుతుంది. మొదటిదానికి రెండే పక్షాలు, ఒకటి నెగ్గాలి, ఒకటి ఓడాలి. రెండోదానికి పక్షాలు చాలా వుంటాయి. మొదటిది పెద్దవాళ్ళ నోటిమాటలు రాసుకుంటుంది. రెండోది పేరు లేనివాళ్ళని కూడా అడుగుతుంది. మొదటిది అవతలివాళ్ళ అబద్ధాలే పట్టుకుంటుంది, రెండోది అందరివీ పట్టుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఎవరో ఒకరు నెగ్గగానే మొదటిది పెట్టే బేడా సర్దుకుంటుంది. రెండోది, గాయం మానిందా లేదా అని మళ్ళీ వచ్చి చూస్తుంది.

సిద్ధాంతం బాగానే వుంది. లోకంలో ఎలా వుంటుందో చూద్దాం. ఎంతో దూరం పోనక్కర్లేదు. రామేశ్వరం అవతల సముద్రం దాటితే శ్రీలంక.

2022 జూలై 9వ తేదీని తలుచుకుంటే మీకేం గుర్తొస్తుంది? ఈత కొలను. అధ్యక్షుడి భవనంలోకి జనం వరదలా వచ్చిపడటం, కుర్రకారు ఆ నీలపు నీళ్ళలోకి దూకడం, కొందరు అధ్యక్షుడి పరుపు మీద పడుకుని ఫోటోలు తీయించుకోవడం. ఆ బొమ్మలు ప్రపంచమంతా చూసింది. ఆ తర్వాత గోటబయ రాజపక్స దేశం విడిచి మొదట మాల్దీవులకీ, అక్కణ్ణించి సింగపూరుకీ వెళ్ళి జూలై 14న రాజీనామా పంపడం. అయిపోయింది. రాజు పారిపోయాడు, ప్రజలు గెలిచారు, కథ కంచికి మనం ఇంటికి.

మరి ఆ కొలనులోకి ఆ పిల్లలు ఎక్కడినించి వచ్చారు? ఆకాశంనించి ఊడిపడలేదు. వంటింట్లోంచి వచ్చారు.

ఆ కథ చెప్పాలంటే కనీసం మూడేళ్ళు వెనక్కి వెళ్ళాలి. 2019 ఏప్రిల్‌లో ఈస్టర్ పండగనాడు చర్చిల్లోనూ హోటళ్ళలోనూ బాంబులు పేలాయి. వచ్చే యాత్రికులు తగ్గారు. అదే ఏడాది డిసెంబరులో కొత్త ప్రభుత్వం పన్నులు బాగా తగ్గించింది. అమ్మకాల మీద 15 శాతం వుండే పన్ను 8 శాతం చేసింది. వినడానికి బాగానే వుంది, కాని ఖజానాకి రాబడి పడిపోయింది. ఇంతలో కరోనా వచ్చి యాత్రికులు అసలే రాలేదు. 2021లో రసాయన ఎరువుల దిగుమతి ఉన్నపళంగా నిషేధించారు. ఆ నవంబరులో మళ్ళీ సడలించేలోపునే వరి పండించేవాళ్ళూ, తేయాకు తోటలవాళ్ళూ దెబ్బతిన్నారు. అప్పులు తీర్చడానికీ, బయటినించి సరుకు తెప్పించడానికీ డాలర్లు కావాలి. డాలర్లు లేవు. 2022 ఏప్రిల్ 12న, విదేశీ అప్పులు ప్రస్తుతానికి కట్టలేమని ప్రభుత్వమే ప్రకటించింది.

ఇవన్నీ లెక్కల పుస్తకంలో సంగతులు. ఇంట్లో అవి ఎలా కనిపించాయంటే, గ్యాసు బండ లేదు. కిరసనాయిలు లేదు. పాలపొడి దొరికితే భాగ్యం. మార్చి నెలాఖరుకి రోజుకి పదమూడు గంటలదాకా కరెంటు లేదు. పెట్రోలు, కిరసనాయిలు క్యూల్లో నిలబడి నిలబడి వృద్ధులు కుప్పకూలి ప్రాణాలు విడిచారు. బంకుల దగ్గర సైన్యాన్ని కాపలా పెట్టారు. కొలంబో వున్న పశ్చిమ రాష్ట్రంలో, కాగితం లేక పిల్లల పరీక్షలే వాయిదా వేశారు. కాగితం కరువు ఎంతదాకా వచ్చిందంటే, 'ది ఐలాండ్', 'దివయిన' అనే పత్రికలు శనివారం సంచిక అచ్చువెయ్యడం మానుకోవలసి వచ్చింది. వార్త చెప్పేవాళ్ళకే కాగితం లేని వార్త అది!

ఇంతా అయ్యాకే మార్చి 31 రాత్రి అధ్యక్షుడి ఇంటిముందు జనం గుమిగూడారు. ఏప్రిల్ 9నించి కొలంబోలో సముద్రపు ఒడ్డున గాల్ ఫేస్ మైదానంలో డేరాలు వేసుకుని కూర్చున్నారు. ఆ డేరాల పల్లెకి 'గోటా గో గమ' అని పేరు పెట్టుకున్నారు. సింహళంలో 'గమ' అంటే ఊరు, మన 'గ్రామం' లాంటిదే. 'గోటా, వెళ్ళిపో' అనే ఊరన్నమాట. ఆ ఊళ్ళో ఒక గ్రంథాలయం పెట్టారు. అందరికీ తిండి పెట్టే వంటశాల నడిపారు. రంజాను నెలలో ముస్లిములు అక్కడే ఉపవాసం విడిస్తే పక్కన సింహళీయులు కూర్చున్నారు. ఏప్రిల్ 14న సింహళ, తమిళ సంవత్సరాది అక్కడే చేసుకున్నారు. పాతికేళ్ళకి పైగా జాతుల యుద్ధం జరిగిన దేశంలో ఇవి చిన్న విషయాలా? కాని వంటశాలలో గరిటె తిప్పే మనిషి ఫోటో కన్నా కొలనులోకి దూకే కుర్రవాడి ఫోటో వెయ్యి రెట్లు తిరిగింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. జనం పక్షం వహించి రాస్తే అది శాంతి పద్ధతి అయిపోదు. మే 9న ఏమయిందో చూడండి. అప్పటి ప్రధాని మహింద రాజపక్స అనుచరులు ఆ డేరాల మీద పడి, శాంతంగా కూర్చున్నవాళ్ళని కొట్టారు. ఆ సాయంత్రమే మహింద రాజీనామా చేశారు. కాని ఆ రోజు అంతటితో ఆగలేదు. కోపంతో వూగిపోయిన గుంపులు ఊరూరా పాలకపక్షం వాళ్ళ ఇళ్ళు తగలబెట్టాయి. ఒక పార్లమెంటు సభ్యుడూ, ఆయన అంగరక్షకుడూ ప్రాణాలు కోల్పోయారు. జూలై 9న కొలను ఫోటోలు తిరుగుతున్న రాత్రే ప్రధానిగా వున్న రణిల్ విక్రమసింఘె సొంత ఇల్లు కూడా తగలబెట్టారు. ఆయన దాచుకున్న పుస్తకాలతో సహా పోయింది. మరోపక్క, అదే జూలైలో, అధ్యక్షుడి భవనంలో దొరికిన సుమారు 1 కోటి 78 లక్షల రూపాయల నోట్లకట్టలని లెక్కపెట్టి పోలీసులకి అప్పగించినవాళ్ళూ ఆ ఆందోళనకారులే.

'మూక' అని రాసేవాళ్ళకి నోట్లకట్టలు అప్పగించిన సంగతి అడ్డొస్తుంది. 'వీరులు' అని రాసేవాళ్ళకి కాలిన ఇళ్ళు అడ్డొస్తాయి. ఇద్దరూ రాసేది ఆటల పేజీయే. జట్టు మాత్రం మారింది. అదే నేను చెప్పదలుచుకున్నది.

మన చరిత్రలోనే చూడండి. 1857ని తెల్లవాళ్ళు 'సిపాయిల తిరుగుబాటు' అన్నారు. మనం 'ప్రథమ స్వాతంత్ర్య సంగ్రామం' అన్నాం. పేరు మారడం చాలా అవసరమే. ఇంటివాడిని దొంగ అంటే ఊరుకుంటామా? కాని ఆ రెండు పేర్లలో ఏదీ, అంతకు ముందు ఏడాది, అంటే 1856లో, కుంఫిణీ అవధ్ రాజ్యాన్ని కలిపేసుకున్నాక అక్కడి భూములున్న కుటుంబాలకి ఏమయింది, శిస్తు ఎవరి నెత్తిన పడింది అని చెప్పదు. కోపం తెలుస్తుంది, నొప్పి తెలియదు. నొప్పి తెలియాలంటే పేరు దాటి లోపలికి వెళ్ళాలి.

సరే, శ్రీలంకలో 'గెలుపు' తర్వాత ఏమయింది? జూలై 20న పార్లమెంటు రణిల్‌నే అధ్యక్షుడిగా ఎన్నుకుంది. జూలై 22న ఇంకా తెల్లవారకముందే సైన్యమూ పోలీసులూ గాల్ ఫేస్ డేరాల మీద విరుచుకుపడ్డారు. విలేకరులు కూడా దెబ్బలు తిన్నారు. కొలను బొమ్మ చూసినవాళ్ళలో ఎంతమంది ఆ తెల్లవారుజాము బొమ్మ చూశారు? ఇక ధరల సంగతి. తిరుగుబాటు అయిపోయాక, సెప్టెంబరు నాటికి కొలంబోలో తిండి సరుకుల ధరలు ఏడాది కిందటి కన్నా 90 శాతం పైగా ఎక్కువ వున్నాయి. అంటే నూరు రూపాయల సరుకు నూట తొంభై దాటింది. రాజు పారిపోయాక కూడా వంటింటి యుద్ధం జరుగుతూనే వుంది. 2023 నవంబరులో ఆ దేశపు సుప్రీంకోర్టు, ఆర్థిక పతనానికి రాజపక్స సోదరులూ, మరికొందరు అధికారులూ బాధ్యులేనని తీర్పు చెప్పింది. 2024 సెప్టెంబరులో జనం ఓట్లు వేసి అనూర కుమార దిసనాయకెని అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. ఈ రెండూ కత్తి లేకుండా, మంట లేకుండా జరిగిన పనులే. ఆ కారణంచేతనే కాబోలు, కొలనుకి పట్టిన అదృష్టం వాటికి పట్టలేదు.

ఇంకొక బొమ్మ చెప్తాను. దీనికోసమే ఇంతసేపూ ఇదంతా చెప్పుకొచ్చాను.

శ్రీలంక ఉత్తరాన కిళినొచ్చి అని ఒక ఊరు. 2009 మేలో అంతర్యుద్ధం ముగిసింది. అప్పుడు రక్షణశాఖ కార్యదర్శి ఈ గోటబయే. ఆ యుద్ధంలోనూ, చివర సైన్యానికి లొంగిపోయినప్పుడూ కనబడకుండా పోయిన తమిళుల కోసం వాళ్ళ తల్లులూ, భార్యలూ 2017 ఫిబ్రవరిలో కిళినొచ్చిలో రోడ్డు పక్కన కూర్చున్నారు. చేతిలో కొడుకు ఫోటో, నోట ఒకటే ప్రశ్న: మా పిల్లలు ఎక్కడ? నాలుగు రోజులు తిరక్కుండానే వవునియాలోనూ ఇలాగే కూర్చున్నారు. కొలంబోలో డేరాలు లేచేనాటికి ఆ తల్లులు కూర్చుని అయిదేళ్ళు దాటింది. ఆ ప్రశ్నకి జవాబు రాకుండానే వాళ్ళలో చాలామంది వెళ్ళిపోయారు.

ఆటల పేజీలో వాళ్ళకి చోటెక్కడ? వాళ్ళు ఏ భవనంలోకీ దూసుకుపోలేదు. ఎవరినీ పడగొట్టలేదు. ఈరోజు నిన్నటిలాగే వుంది, రేపు ఈరోజులాగే వుంటుంది. ఆనకట్ట కడుతున్నట్టు, రోజూ అన్నం వండుతున్నట్టు, వాళ్ళు ఎదురుచూస్తున్నారు. వార్త కావడానికి కావలసిన లక్షణం వాళ్ళ దుఃఖానికి ఒక్కటీ లేదు. 2022 మే 18న గాల్ ఫేస్‌లో యుద్ధంలో పోయిన తమిళులని తలుచుకుని గంజి పంచారు. ముళ్ళివాయిక్కాల్‌లో చివరి రోజుల్లో జనం తాగి బతికిన ఉప్పు గంజి అది. కొలంబో నడిబొడ్డున, సింహళీయుల చేతుల్లో కూడా ఆ గంజి. ఒక దేశం నయం కావడం మొదలుపెడితే ఎలా వుంటుందో చూడాలంటే అది చూడాలి. ఈత కొలను కాదు.

ఇంతవరకూ విన్నాక, "అమ్మా, నువ్వు చెప్పేది విలేకరి పని కాదు, సంఘసంస్కర్త పని" అని ఎవరైనా అనవచ్చు. ఆ మాట అన్నవాళ్ళు లేకపోలేదు. బి.బి.సి.లో పనిచేసిన డేవిడ్ లాయిన్ అనే విలేకరి ఈ పీస్ జర్నలిజాన్ని గట్టిగానే కాదన్నారు. విలేకరి కళ్ళతో చూసింది నిజాయితీగా చెప్పాలి, అంతేగాని తానే బరిలోకి దిగి రాజీలు చెయ్యకూడదని ఆయన వాదం. అందులో బలముంది. 'శాంతి' పేరు చెప్పి చేదు నిజాలు మింగేసే విలేకరి మనకెందుకు? ఇంట్లో గొడవ పైకి రాకూడదని ఆడపిల్ల దెబ్బలు దాచిపెట్టే పెద్దలు మనకి కొత్త కాదు. 'సర్దుకుపో అమ్మా' అన్న మాటకి మన భాషలో ఎంత చరిత్ర వుందో నేను వేరే చెప్పనక్కర్లేదు.

ఇంకొక అభ్యంతరం దీనికన్నా బలమైనది. తుపాకీ వున్నవాడినీ, లేనివాడినీ ఒకే పీట మీద కూర్చోబెట్టి, "ఇద్దరి మాటా వినాలి" అంటే అది న్యాయమా? కొట్టినవాడి బాధ, తిన్నవాడి బాధ ఒకటేనా?

కాదు. ఒకటి కానే కాదు. అయితే వైద్యుడి పోలిక మళ్ళీ తీసుకోండి. రోగానికి కారణం వెతికే వైద్యుడు ఎవరినీ నొప్పించకూడదని, "దోమదీ తప్పు కాదు, మురుగు కాలవదీ తప్పు కాదు" అనడు కదా. ఫలానా కాలవ, ఫలానా నిర్లక్ష్యం అని వేలు పెట్టి చూపిస్తాడు. కారణం చెప్పడమంటే తప్పు మాఫీ చెయ్యడం కాదు. నిజానికి ఆటల పేజీ పద్ధతిలోనే పెద్దవాళ్ళు సులువుగా తప్పించుకుంటారు. ఒక దుర్మార్గుడు పారిపోయాడనగానే, ఆ పన్నులు తగ్గించిన సంతకాలూ, ఆ ఎరువుల ఉత్తర్వులూ, దానికి తలాడించిన చుట్టుపక్కలవాళ్ళూ అందరి మనసుల్లోంచి జారిపోతారు. కోర్టు తీర్పులో ఒక్క గోటబయ పేరే లేదు, గమనించారా? జబ్బుని పూర్తిగా చెప్పినప్పుడే బాధ్యుల పేర్లన్నీ పైకి వస్తాయి.

డేవిడ్ లాయిన్ గారికి కూడా నాదొక చిన్న ప్రశ్న. చూసింది చెప్పాలి, ఒప్పుకున్నాను. కాని ఎటు చూడాలి? కెమేరాని కొలనువేపు తిప్పాలా, గ్యాసు క్యూవేపు తిప్పాలా అన్నది అది తిప్పే చెయ్యి నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయంలో నీతి వుంది. లేదంటే కుదరదు. 2005లో పీస్ జర్నలిజం మీద పుస్తకం రాసిన జేక్ లించ్, ఆనబెల్ మెక్‌గోల్డ్రిక్ దంపతులు చెప్పేదీ ఇంచుమించు ఇదే. ఏది చెప్పాలి, ఎలా చెప్పాలి అని విలేకరి ఎలాగూ ఎంచుకుంటూనే వుంటాడు. ఆ ఎంపికలో, హింస లేకుండా బయటపడే దారులు కూడా వున్నాయని జనానికి కనిపించేలా చెప్పొచ్చు అని.

పాపం విలేకరులని మాత్రమే అనడం న్యాయం కాదేమో. వాళ్ళు వడ్డించేది మనం అడిగిందే. కూర బాగాలేదని విస్తరి తోసేస్తే మర్నాడు ఆ కూర రాదు. క్యూలో నిలబడ్డ ముసలాయన కథని చదవకుండా పేజీ తిప్పి, కొలను బొమ్మని పదిమందికి పంపించే వేలు ఎవరిది? మనదే. పత్రికల్లో స్త్రీలకి తగినంత చోటు లేదని మనం చాలా ఏళ్ళుగా అంటున్నాం. నిజమే. కాని వంటింటి నొప్పిని రాజకీయ వార్తగా గుర్తుపట్టగలిగినవాళ్ళు మనకన్నా ఎవరున్నారు? ఏ ప్రభుత్వం ఎప్పుడు కూలుతుందో పండితులకి తెలియకపోవచ్చు. గ్యాసు బండ కోసం ఇల్లాలు ఎన్ని గంటలు నిలబడుతోందో లెక్క వేసేవాళ్ళకి కొంచెం ముందుగా తెలుస్తుంది.

అందుకని, రేపు ఏ దేశంలోనో జనం వీధిలోకి వచ్చారని వార్త వస్తే మనం అడగవలసిన ప్రశ్నలు కొన్ని వున్నాయి. పెద్ద చదువులేమీ అక్కర్లేదు వాటికి. ఇది ఎప్పటినించి మొదలయింది? ఈ కథలో మాట్లాడుతున్నది ఎవరు, నోరు విప్పే అవకాశం రానిది ఎవరికి? నాకు నచ్చిన పక్షం చేసిన తప్పు ఇందులో వుందా, లేక మాయం చేశారా? ఇది అయిపోయాక ఆ ఇళ్ళలో పొయ్యి వెలుగుతుందా? ఈ నాలుగింటికీ జవాబు లేని వార్త అబద్ధం కాకపోవచ్చు. అది సగం నిజం. సగం ఉడికిన అన్నం కూడా అన్నమే, కాని పిల్లలకి పెడితే కడుపునొప్పి వస్తుంది.

మన ఇళ్ళలో పిల్లలు కూడా ఇప్పుడు ఫోన్లో అన్నీ చూస్తున్నారు. చూసి, క్రికెట్‌కి అలవాటుపడ్డ నోటితో, "ఎవరు గెలిచారమ్మా?" అని అడుగుతారు. అడగనివ్వండి, అది పిల్లల ప్రశ్న. వాళ్ళకి జవాబు చెప్పి వూరుకోకుండా, పక్కన కూర్చోబెట్టుకుని, కిళినొచ్చిలో ఒక అమ్మ కొడుకు ఫోటో పట్టుకుని రోడ్డు పక్కన ఎందుకు కూర్చుందో కూడా చెప్పండి. ఎవరు గెలిచారన్న ప్రశ్నకి ఆవిడ దగ్గర జవాబు లేదు. అబ్బాయి ఎక్కడున్నాడో ఎవరైనా చెప్తే చాలు ఆవిడకి.